కేస్ ట్రిమ్మర్ కొనబోతున్నారా? అది ఎక్కడి నుంచి కొలుస్తుందో ముందు చూడండి

కాల్చిన తూటా ఖాళీ ఇత్తడి గొట్టాన్ని (కేసుని) మళ్ళీ నింపి వాడుకోవడాన్ని రీలోడింగ్ అంటారు, ప్రెస్ అనే నొక్కే యంత్రంలో డైలనే అచ్చులు బిగించి ఈ పని చేస్తారు. పొడుగైన కేసు మూతిని కోసి సరిచేసేదే కేస్ ట్రిమ్మర్. మొన్న శనివారం షూటింగ్ రేంజ్ నుంచి బయటికొస్తుంటే మనవాడొకడు పార్కింగ్‌లో పట్టుకున్నాడు. "అన్నా, ప్రెస్ కొన్నాను, డైలు కొన్నాను, పౌడర్ తూచే త్రాసు కూడా వచ్చేసింది, ట్రిమ్మర్ దగ్గర మాత్రం ఆగిపోయాను. ఇరవై డాలర్ల నుంచి ఐదొందలు దాటినవాటి దాకా ఉన్నాయి, ఒక్కొక్కరూ ఒక్కోటి చెప్తున్నారు, నువ్వేది కొనమంటావ్?" అన్నాడు. టెక్సాస్ ఎండలో నిలబడి అరగంట చెప్పాను. వాడు సగమే విన్నట్టున్నాడు, ఇంటికెళ్లాక మళ్ళీ అదే ప్రశ్న మెసేజ్ పెట్టాడు. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లలో ఈ రీలోడింగ్ పిచ్చి పట్టినవాళ్లు నాకు తెలిసే నలుగురైదుగురు ఉన్నారు కాబట్టి ఒకేసారి రాసేస్తున్నాను.

ట్రిమ్మర్ల సంగతికి ముందు ఒక ముఖ్యమైన మాట. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసా మీద ఉన్నవాళ్లు ఇది చదివి ఉత్సాహపడి దేనికీ ఆర్డర్ పెట్టకండి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, కానీ వాటిని నమ్ముకునేముందు లాయర్‌ని అడగండి, స్నేహితుణ్ణి కాదు. చాలామందికి తెలియనిది ఏంటంటే, ఆ చట్టం 'అమ్యునిషన్' అన్నప్పుడు తయారైన తూటా ఒక్కటే కాదు, ఖాళీ కేసు, ప్రైమర్ (అడుగున ఉండి నిప్పు రాజేసే చిన్న టోపీ), బుల్లెట్ (ముందుకు దూసుకుపోయే ముక్క), పౌడర్ (లోపలి మందు) కూడా విడివిడిగా అందులోకే వస్తాయి. అంటే రేంజ్‌లో నేల మీద పడున్న ఇత్తడి కేసులు ఏరుకుని జేబులో వేసుకున్నా లెక్కలోకి రావచ్చు. గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లు సొంత వాడకానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. చేసి అమ్మాలంటే మాత్రం కావాలి. రాష్ట్రాన్ని బట్టి ఇంకా నిబంధనలుంటాయి, అవి మీరే చూసుకోండి.

ఇక పనిలోకి వద్దాం. ట్రిమ్మింగ్ ఎందుకంటే, రైఫిల్ కేసు కాల్చిన ప్రతిసారీ కాస్త పొడుగవుతుంది. పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి చాంబర్ (రైఫిల్లో తూటా కూర్చునే గది) గోడలకి అతుక్కుంటుంది, మనం దాన్ని మళ్ళీ సైజింగ్ డైలో నొక్కి పాత కొలతకి తెస్తాం. జంతికల గొట్టంలో పిండిని నొక్కితే అది ఎటు వీలుంటే అటే బయటికొస్తుంది కదా, ఇక్కడ ఇత్తడికి మిగిలిన దారి ముందుకే, మూతి వైపుకే. పైగా డై లోపలి ఎక్స్‌పాండర్ బాల్ అనే గుండు బయటికొస్తూ నెక్కుని, అంటే బుల్లెట్‌ని పట్టుకునే సన్నటి మెడని, ఇంకాస్త లాగుతుంది. ఒక్కసారికి ఐదారు థౌ పెరగొచ్చు, డై ఎంత గట్టిగా నొక్కుతుంది, చాంబర్ ఎంత వదులుగా ఉంది అన్నదాన్ని బట్టి పది కూడా పెరగొచ్చు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, మిల్లీమీటర్లలో 0.0254.

పెరిగితే ఏమవుతుందిలే అనుకోకండి. చాంబర్‌లో నెక్కు కోసం ఉన్న చోటు అయిపోయాక ముందర సన్నబడుతుంది. పొడుగైన కేసు మూతి పోయి ఆ సన్నటి చోట ఇరుక్కుంటుంది. అక్కడ మూతి తెరుచుకుని బుల్లెట్‌ని వదలాలి, ఇరుక్కున్న మూతి తెరుచుకోలేదు, బుల్లెట్‌ని పట్టుకునే ఉంటుంది, దాంతో ప్రెషర్ ఒక్కసారిగా పైకి పోతుంది. మీ పౌడర్ కొలత రీలోడింగ్ మాన్యువల్లో (కొలతల పుస్తకంలో) ఉన్నట్టే ఉన్నా సరే. అందుకే ట్రిమ్మింగ్ గురి కుదరడానికని చెప్పేవాళ్ల మాట సగమే నిజం, మొదటి కారణం భద్రత.

కొలతలు ఎప్పుడూ మీ మాన్యువల్లోనే చూసుకోవాలి, అయినా నేను రోజూ వాడేవి చెప్తాను. తూటా రకాల్లో .223 రెమింగ్టన్‌కి కేసు గరిష్ఠ పొడవు 1.760 అంగుళాలు, కత్తిరించాల్సిన పొడవు 1.750. .308 వించెస్టర్‌కి 2.015, 2.005. 6.5 క్రీడ్‌మూర్‌కి 1.920, 1.910. అన్నింట్లోనూ రెంటికీ మధ్య తేడా పది థౌ, అంటే పావు మిల్లీమీటరు. ఆ పావు మిల్లీమీటరే మనకున్న జాగా. ట్రిమ్మర్ ఐదొందలదైనా ఇరవైదైనా ఆ జాగాలోనే ఆడాలి.

మా మేనమామ విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లు లేత్ మీద పనిచేశాడు. వేసవి సెలవుల్లో వెళ్లి ఆయన పక్కన స్టూల్ వేసుకుని కూర్చునేవాణ్ణి. ఎవరైనా షాఫ్టు తెచ్చి "ఇంత పొడుగుకి కొట్టి పెట్టన్నా" అంటే ఆయన మొదట అడిగేది "ఎక్కడ్నించి?" అని. ఈ చివర నుంచా, ఆ మెట్టు నుంచా? ట్రిమ్మర్ కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న కూడా అదే. కానీ జనం ధర చూస్తారు, మోటారుందా లేదా చూస్తారు, ఇది చూడరు.

ట్రిమ్మర్లన్నీ రెండు జాతులు. ఒకటి కేసు అడుగు నుంచి, అంటే ప్రైమర్ ఉండే వైపు నుంచి మూతి దాకా కొలిచి కోసేది. రెండోది షోల్డర్ నుంచి, అంటే కేసు ఒళ్లు సన్నబడి నెక్కుగా మారే వాలు దగ్గర్నుంచి, మూతి దాకా కొలిచి కోసేది. మాన్యువల్లో ఇచ్చే కొలత అడుగు నుంచి మూతి దాకా ఉన్న మొత్తం పొడవు. కాబట్టి మొదటి జాతి మీకు కావాల్సిన కొలతనే నేరుగా ఇస్తుంది. రెండో జాతి నెక్కు పొడవుని ఒకే రకంగా ఉంచుతుంది, మొత్తం పొడవు సరిగ్గా రావాలంటే మీ కేసులన్నిటి షోల్డర్ ఒకే చోట ఉండాలి. షోల్డర్ ఒకే చోట ఉండాలంటే ముందు సైజింగ్ అయిపోవాలి, అదీ ఒకే డైలో, ఒకే సెట్టింగ్‌లో. ఈ ఒక్క ముక్క బుర్రలోకి ఎక్కితే సగం టెన్షన్ పోతుంది.

అడుగు జాతిలో అన్నిటికంటే చవక లీ వాళ్ల కట్టర్, గేజ్. గేజ్ అంటే ఒక పొడవాటి పిన్ను, ఒక్కో క్యాలిబర్‌కి (తూటా సైజుకి) ఒక్కోటి. పిన్ను మూతి లోంచి దిగి, అడుగున ప్రైమర్ మంట పోయే చిన్న బెజ్జం లోంచి బయటికొచ్చి, కేసుని పట్టుకున్న లాక్ స్టడ్డుకి తగిలి ఆగుతుంది. ఆగాక కట్టర్ ఇక కోయదు, అంతే. సెట్టింగు అనే గొడవే లేదు, తప్పు చేద్దామన్నా కుదరదు. డ్రిల్లుకి స్టడ్డు బిగించి, కట్టర్ చేత్తో పట్టుకుంటే నిమిషానికి మూడు నాలుగు అవుతాయి. పాత ప్రైమర్ ముందు తీసేసి ఉండాలి, లేకపోతే పిన్ను దిగదు. దీని లోపమల్లా పొడవు మార్చలేకపోవడం, పిన్ను ఎంతుంటే అంతే. ఇంకోటి, కోశాక మూతి లోపల, బయట అంచుల్ని విడిగా చెక్కుకోవాలి. నేను మొదటి రెండేళ్లు దీంతోనే గడిపాను. ఇప్పటికీ అమ్మలేదు, ఒక పాత క్యాలిబర్‌కి దీన్నే వాడతాను.

లీ వాళ్లదే క్విక్ ట్రిమ్ అని ఇంకోటుంది. ప్రెస్‌లో బిగించే డై, పైన కట్టర్. కేసుని హ్యాండిల్‌తో పైకి లేపి కట్టర్ తిప్పితే పొడవుతో పాటు లోపలి అంచు, బయటి అంచు కూడా ఒకే దెబ్బలో అయిపోతాయి. ధరకి మంచి సరుకే. ప్రెస్ వేరే పనిలో ఉంటే మాత్రం ఆగాలి.

తర్వాత లేత్ రకం, అంటే చిన్న సైజు లేత్ లాగే ఉంటుంది, ఒక చివర కేసుని పట్టుకునే చక్, ఇంకో చివర కట్టర్, కట్టర్ మధ్యలో నెక్కులోకి దూరే పైలట్ అనే కడ్డీ. ఫార్‌స్టర్, ఆర్‌సీబీఎస్ ట్రిమ్ ప్రో, లైమన్ యూనివర్సల్, రెడింగ్, హార్నడీ క్యామ్-లాక్ ఇవన్నీ ఈ కోవే. వీటి సుఖం ఏంటంటే ఏ క్యాలిబర్ అయినా పడుతుంది, పైలట్ మారిస్తే చాలు. పిస్టల్ కేసులు కూడా కోయొచ్చు. కష్టం ఏంటంటే చేత్తో తిప్పాలి, వంద కేసులయ్యేసరికి వేళ్లు పట్టేస్తాయి, రెండొందలయ్యేసరికి ఈ హాబీ ఎందుకు పెట్టుకున్నామా అనిపిస్తుంది. కొన్నిటికి మోటారు మోడళ్లున్నాయి, కొన్నిటికి హ్యాండిల్ తీసి డ్రిల్ తగిలించే అడాప్టర్లున్నాయి. చేతి మోడల్ కొంటుంటే ఆ అడాప్టర్ దొరుకుతుందో లేదో ముందే చూసుకోండి.

ఇందులో ఒక మెలిక ఉంది. కొలత అడుగు నుంచే అయినా, కేసుని పట్టే పద్ధతి అన్నిట్లో ఒకటి కాదు. కొన్నిట్లో కాలెట్ అనే పట్టు కేసు రిమ్ము (అడుగు అంచు) దగ్గర పట్టుకుని వెనక్కి లాగి బిగిస్తుంది. రిమ్ము మందం కంపెనీకో రకంగా ఉంటే, లేదా సెమీ-ఆటోమేటిక్ రైఫిల్లో కేసుని బయటికి లాగే కొక్కెం (ఎక్స్‌ట్రాక్టర్) రిమ్ముని వంచి ఉంటే, ఆ తేడా పొడవులోకి వచ్చేస్తుంది. రెండు మూడు థౌ తేడాలు ఇలాగే వస్తాయి, జనం కట్టర్‌ని తిడతారు. ప్రతి కేసుకీ ఒకే బలంతో బిగించడం, బిగించేముందు రిమ్ముకి అంటుకున్న రజను తుడవడం అలవాటైతే తేడా తగ్గిపోతుంది.

ఎల్.ఈ. విల్సన్ ట్రిమ్మర్ ఈ కుటుంబంలోదే గానీ వేరే పద్ధతి. కేసు ఒళ్లు కొద్దిగా వాలుగా ఉంటుంది కదా, ఆ వాలుని పట్టుకునే ఇనుప హోల్డర్‌లో కేసుని దూర్చి చిన్నగా తడతారు, అది బిగుసుకుంటుంది. నెక్కులో పైలట్ ఉండదు. అడుగు వెనక స్టాప్ స్క్రూ ఉంటుంది. మూతి చక్కగా, నిట్టనిలువుగా తెగుతుంది, బెంచ్‌రెస్ట్ వాళ్లకి, అంటే రైఫిల్‌ని బల్ల మీద ఆనించి గురి పోటీలు కాల్చేవాళ్లకి, ఇదంటే ప్రాణం. క్యాలిబర్‌కో హోల్డర్ కొనాలి, పని నెమ్మది. పది మంది చుట్టూ ఉన్నప్పుడు కాదు, ఆదివారం పొద్దున్నే ఇల్లంతా నిద్రపోతున్నప్పుడు చేసుకునే పని ఇది.

ఇక షోల్డర్ జాతి. ఇందులో సామాన్యుడికి అందుబాటులో ఉన్నది డబ్ల్యూ.ఎఫ్.టి., అంటే వరల్డ్స్ ఫైనెస్ట్ ట్రిమ్మర్ (పేరు పెట్టుకోవడంలో మొహమాటపడలేదు వాళ్లు). లోపల బేరింగ్ మీద తిరిగే చాంబర్ లాంటి ముక్క, దాని వెనక కట్టర్. మొత్తాన్ని డ్రిల్లుకి బిగించి, కేసుని చేత్తో పట్టి మూతి వైపు లోపలికి తోస్తే షోల్డర్ తగిలి ఆగేదాకా కోస్తుంది. కేసుకి రెండు మూడు సెకన్లు. మొదటిసారి వాడినప్పుడు, ఇన్నాళ్లూ ఆ హ్యాండిల్ తిప్పుతూ కూర్చున్నానా అని నా మీద నాకే జాలేసింది. ఇదే పద్ధతిలో పొడవుతో పాటు రెండు అంచులూ ఒకేసారి చెక్కే మూడు పనుల కట్టర్లున్నాయి, జిరాడ్ ట్రై-వే, ట్రిమ్-ఇట్ లాంటివి. ధర ఎక్కువే, కానీ అంచులు చెక్కే పని మొత్తం పోతుంది. ట్రిమ్మింగ్ కంటే ఆ అంచుల పనికే ఎక్కువ టైం పడుతుందని కొన్నాక గానీ తెలీదు చాలామందికి.

ఇంకా పైకెళ్తే ఫ్రాంక్‌ఫర్డ్ ఆర్సెనల్ ప్లాటినం లాంటి కరెంటు పెట్టెలు, ట్రిమ్మర్‌తో పాటు పక్కన చాంఫర్ (లోపలి అంచు చెక్కేది), డీబర్ (బయటి అంచు చెక్కేది), ప్రైమర్ కూర్చునే గుంటని శుభ్రం చేసే బ్రష్షులు కూడా తిరుగుతుంటాయి. లైమన్ కేస్ ట్రిమ్ ఎక్స్‌ప్రెస్ కూడా షోల్డర్ రకమే. జిరాడ్ వాళ్ల మోటారు ట్రిమ్మర్ ఈ వరుసలో పెద్దన్న, ఐదొందలు దాటుతుంది. కార్బైడ్ బ్లేడు కోస్తూనే లోపలా బయటా చెక్కేస్తుంది. ఏఆర్-15 లాంటి సెమీ-ఆటోమేటిక్ రైఫిల్ పట్టుకుని నెలకి వెయ్యి కాల్చేవాళ్లకి తప్ప అది ఎందుకో నాకైతే అర్థం కాదు. డిలన్ ఆర్‌టి1500 ఇంకో దారి, ప్రోగ్రెసివ్ ప్రెస్ (హ్యాండిల్ ఒక్కసారి లాగితే చాలా పనులు చేసే ప్రెస్) మీద కూర్చుని సైజింగ్, ట్రిమ్మింగ్ ఒకే దెబ్బలో చేస్తుంది, దానికి ప్రత్యేకమైన డై కావాలి, రజను పీల్చడానికి వాక్యూమ్ తగిలించాలి. చప్పుడు మామూలుగా ఉండదు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు దాని ఊసే ఎత్తొద్దు.

షోల్డర్ రకాల్లో ఒక పరిమితి మర్చిపోకండి. తిన్నగా ఉండే కేసులకి షోల్డరే ఉండదు కాబట్టి పిస్టల్ కేసులకి ఇవి పనికిరావు. క్యాలిబర్ మారితే లోపలి ముక్కో, మొత్తం ట్రిమ్మరో మార్చాలి.

పిస్టల్ అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తాను. 9 ఎంఎం, .45 ఏసీపీ మాత్రమే రీలోడ్ చేసేవాళ్లు ట్రిమ్మర్ కొనక్కర్లేదు. ఆ కేసులు పొడుగవడం తక్కువ. పైగా అవి చాంబర్‌లో కూర్చునేదే మూతి ఆధారంగా, కాబట్టి అనవసరంగా కోసి పొట్టి చేస్తే నష్టమే. .357 మ్యాగ్నమ్, .38 స్పెషల్ లాంటి రివాల్వర్ కేసులకి గట్టిగా రోల్ క్రింప్ వేసేవాళ్లకి, అంటే మూతిని బుల్లెట్ మీదికి లోపలికి మడిచేవాళ్లకి, మాత్రం అన్నీ ఒకే పొడవుంటే క్రింపు సమానంగా పడుతుంది, వాళ్లకి లేత్ రకం బాగుంటుంది. మిగతావాళ్లు ఆ డబ్బుతో ప్రైమర్లు కొనుక్కోండి.

ఇప్పుడు వాడే పద్ధతి. ఇక్కడే నేను దెబ్బతిన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మూడేళ్ల కింద, షోల్డర్ ట్రిమ్మర్ కొత్తగా వచ్చిన వారం, ఆత్రం ఆగక టంబ్లర్ (కేసుల్ని దొర్లించి శుభ్రం చేసే యంత్రం) లోంచి తీసిన నూట యాభై .308 కేసుల్ని ఒక్క రాత్రిలో కోసేశాను. సైజింగ్ చెయ్యకుండానే. అన్నీ తళతళలాడుతూ ట్రేలో నిలబడ్డాయి, ఫోటో కూడా తీసుకున్నాను. మర్నాడు సైజ్ చేసి కొలిస్తే ఒకటి 2.008, ఒకటి 2.013, ఇంకోటి 2.019. చివరిది గరిష్ఠం కంటే నాలుగు థౌ ఎక్కువ. కారణం తెలిసిందే. కొన్ని నా రైఫిల్లో పేలినవి, కొన్ని స్నేహితుడిచ్చినవి, ఒక్కోదాని షోల్డర్ ఒక్కో చోట ఉంది, సైజింగ్‌లో ఒక్కోటీ ఒక్కోలా సాగింది. నూట యాభై మళ్ళీ కోశాను. మా ఆవిడ గరాజ్ తలుపు తీసి "నిన్న రాత్రి చేసింది కూడా ఇదే కదా?" అంది.

కాబట్టి వరుస ఇది: శుభ్రం చెయ్యడం, పగుళ్లున్నాయేమో చూడడం, లూబ్ (జారుడు జిడ్డు) రాసి సైజ్ చేసి ప్రైమర్ తీయడం, లూబ్ తుడవడం, కొలవడం, కొయ్యడం, అంచులు చెక్కడం, మళ్ళీ శుభ్రం చెయ్యడం. లూబ్ తుడిచే మెట్టు అందరూ ఎగ్గొట్టేదే. జిడ్డు మిగిలిన కేసుని షోల్డర్ ట్రిమ్మర్‌లో పెడితే ఇత్తడి రజను జిడ్డుకి అంటుకుని లోపల షోల్డర్ ఆనే చోట పేరుకుంటుంది. అప్పుడు కేసు పూర్తిగా లోపలికి దిగదు, తక్కువ తెగుతుంది, పొడవు మెల్లగా పెరుగుతూ పోతుంది. మొదటి ఇరవై బాగుంటాయి, అరవయ్యోది ఆరు థౌ ఎక్కువొస్తుంది, మీకేమో సెట్టింగు కదిలిందనిపిస్తుంది. సెట్టింగు కదల్లేదు, దాని గొంతులో రజను ఉంది. పాతిక కేసులకొకసారి చిన్న పెయింట్ బ్రష్‌తో దులపండి, ఒక కేసు కొలవండి.

కొలిచే పద్ధతి కూడా చెప్పాలా అంటే చెప్పాలి, ఎందుకంటే ఒకే కేసుని ముగ్గురికిచ్చి కొలిపిస్తే మూడు సంఖ్యలొస్తాయి. కాలిపర్ దవడలు మూసి సున్నా చెయ్యండి, దవడల మధ్య రజను లేకుండా వేలితో తుడవండి. కేసు అడుగుని కదలని దవడకి చదునుగా ఆనించండి. కదిలే దవడని బొటనవేలితో మెల్లగా మూతి మీదికి తెచ్చి, కేసుని వేళ్ల మధ్య కొద్దిగా తిప్పండి. తిప్పుతున్నప్పుడు సంఖ్య 1.763, 1.761, 1.760 అని దిగి ఒకచోట ఆగుతుంది, ఆ ఆగినదే అసలు కొలత, ముందు కనపడ్డవి కేసు వంకరగా ఉన్నప్పటివి. మూతి మీద బర్ (కోసినప్పుడు మిగిలే గరుకు అంచు) ఉంటే అది కూడా పొడవులో కలిసిపోతుంది, అందుకే కోశాక అంచు చెక్కాకే చివరి కొలత తీసుకోవాలి. బ్యాటరీ పాతబడితే డిజిటల్ కాలిపర్ అబద్ధాలాడుతుంది, కొత్త బ్యాటరీ ఒకటి డ్రాయర్‌లో ఉంచుకోండి.

సెట్టింగు పెట్టేటప్పుడు ఎప్పుడూ కావాల్సినదానికంటే పొడుగ్గా మొదలుపెట్టి దగ్గరికి రండి. ఇత్తడిని కోయొచ్చు, అతికించలేం. ఒక పాత కేసు మీద ప్రయత్నించి, 1.750 వచ్చాక లాక్ స్క్రూ బిగించి, బిగించిన తర్వాత ఇంకో కేసు కోసి కొలవండి. స్క్రూ బిగించినప్పుడే సగం ట్రిమ్మర్లు ఒకటి రెండు థౌ కదులుతాయి. సరిగ్గా వచ్చిన ఒక కేసుని పక్కన పెట్టి మార్కర్‌తో గీత గీసి దాచుకోండి, వచ్చే నెల మళ్ళీ సెట్ చేసేటప్పుడు దాన్నే నమూనాగా వాడుకోవచ్చు.

అంచులు చెక్కడం, అంటే చాంఫర్, డీబర్, రెండు తిప్పులు తిప్పితే చాలు. పెన్సిల్ చెక్కినట్టు మూతిని కత్తిలా పదును చేసేవాళ్లని చూశాను, అవసరం లేదు, నష్టం కూడా. లోపలి అంచు చెక్కేది బుల్లెట్ కూర్చునేటప్పుడు దాని రాగి పొర గీసుకోకుండా, బయటి అంచు చెక్కేది డైలోకి, చాంబర్‌లోకి సాఫీగా పోవడానికి. వేలి కొసతో మూతి చుట్టూ రాస్తే గుచ్చుకోకూడదు, అంతవరకే.

ఇంకో విషయం, ఇది ట్రిమ్మర్ కంటే ముఖ్యం. మూతి దగ్గర మీరు కోసి పారేస్తున్న ఇత్తడి ఎక్కడ్నించో ఊడిపడలేదు, కేసు అడుగుకి కాస్త పైన గోడ పల్చబడి ముందుకు జరిగిందే. అంటే ఎక్కువసార్లు ట్రిమ్ చెయ్యాల్సొచ్చిన కేసు అక్కడ బలహీనపడుతోందని. బయట అడుగు పైన సన్నగా మెరిసే ఉంగరం లాంటి గీత కనిపిస్తే అనుమానించండి. పేపర్ క్లిప్పు ఒకటి తిన్నగా చేసి, కొస కొంచెం వంచి, కేసు లోపలికి పోనిచ్చి గోడ వెంట అడుగు నుంచి పైకి లాగండి. ఆ చోట కొస గాడిలో పడ్డట్టు తగిలితే ఆ కేసుని తుక్కులోకి వెయ్యండి, ఇంకొక్కసారి అని ఆశపడొద్దు. కేసు రైఫిల్లో రెండు ముక్కలైతే ఏమవుతుందో చూడాల్సిన అవసరం మీకు రాకూడదు. ప్రతి బ్యాచ్‌కీ డబ్బా మీద ఎన్నిసార్లు కాల్చామో, ఎన్నిసార్లు ట్రిమ్ చేశామో రాసుకోండి. నా డబ్బాల మీద బియ్యం డబ్బాకి రాసినట్టు టేపు అంటించి తెలుగులోనే రాస్తాను, "మూడో కాల్పు, ఒక కోత" అని.

డ్రిల్లుతో పనిచేసేటప్పుడు కళ్లద్దాలు తప్పదు, ఇత్తడి రజను కంట్లో పడితే ఆసుపత్రే గతి. తిరిగే మోటారు దగ్గర బట్ట గ్లోవ్స్ వేసుకోకండి, చుట్టుకుంటుంది, పొడవు చేతుల చొక్కా కూడా. టంబ్లర్ దుమ్ములో, ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది, కాబట్టి టీ కప్పు గరాజ్‌లోకి రానివ్వకండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగాకే పిల్లల్ని ఎత్తుకోండి. ఈ రజను పాదాలకి గుచ్చుకుని ఇంట్లోకి కూడా వస్తుంది, గరాజ్‌కి వేరే చెప్పులు పెట్టుకోండి. మనవాళ్లకి అది చెప్పక్కర్లేదనుకోండి.

సరే, ఏది కొనాలి? నెలకి యాభై, వంద కాల్చే, ఒకే క్యాలిబర్ ఉన్న మనిషికి లీ కట్టర్, గేజ్, ఒక మంచి కాలిపర్. ఆ కాలిపర్ మీద పెట్టే డబ్బు ట్రిమ్మర్ మీద పెట్టేదానికంటే ఎక్కువైనా సరే. మూడు నాలుగు క్యాలిబర్లు ఉండి, ఒక్కోటి తక్కువగా కాల్చేవాళ్లకి లేత్ రకం, డ్రిల్ అడాప్టర్ దొరికే మోడల్. .223 వందల్లో కాల్చేవాళ్లకి షోల్డర్ రకం, వీలైతే మూడు పనులూ ఒకేసారి చేసేది, కాకపోతే డబ్ల్యూ.ఎఫ్.టి. కొని అంచులకి విడిగా చిన్న మోటారు ప్రెప్ సెంటర్ (చెక్కే, శుభ్రం చేసే మొనలు తిరిగే పెట్టె). వేట రైఫిల్ ఒకటే, ఏడాదికి రెండు పెట్టెలు మాత్రమే కాల్చేవాళ్లు విల్సన్ కొనుక్కుని ఆనందించండి, లేదా అసలు రీలోడింగ్ మానేసి ఫ్యాక్టరీ తూటాలే కొనండి, నిజంగా లెక్కేస్తే అదే చవక. వాడిన ట్రిమ్మర్ తక్కువకి దొరికితే తీసుకోవచ్చు, ఇనుప లేత్‌కి వయసు పెద్దగా అడ్డు కాదు, కట్టర్ పళ్లు మొద్దుబారాయేమో, షాఫ్టు చేత్తో ఊపితే ఆడుతోందేమో చూసుకోండి.

పార్కింగ్‌లో అడిగిన తమ్ముడికి నేను చెప్పింది లీ. వాడు కొన్నది కరెంటు పెట్టె. కొన్న వారానికి ఫోన్ చేసి "అన్నా, పొడవులు పెరుగుతూ పోతున్నాయి, పీసే బాలేదేమో, వాపస్ పంపేస్తాను" అన్నాడు. లూబ్ తుడిచావా అని అడిగితే ఆ చివర కాసేపు మాట లేదు.

ఇండియా ప్రయాణం పెట్టుకున్నవాళ్లకి ఇంకో సంగతి. అక్కడి 1959 ఆయుధ చట్టం నిర్వచనంలో తూటా భాగాలు, తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా అమ్యునిషన్ కిందకే వస్తాయి. అంటే ఖాళీ కేసొకటి బ్యాగు మూలన ఉండిపోయి శంషాబాద్‌లో స్కానర్ కింద కనిపిస్తే అది చిన్న విషయం కాదు. నా రేంజ్ బ్యాగు ఒకప్పుడు ఆఫీసు ల్యాప్‌టాప్ బ్యాగే, పోయినసారి ఊరెళ్లేముందు సర్దుకుంటూ తిరగేసి దులిపితే పక్క జేబులోంచి మూడు .223 కేసులు టంగుమని నేల మీద పడ్డాయి. ఇప్పుడా బ్యాగు గరాజ్ గోడకి మేకు కొట్టి తగిలించే ఉంది, గుమ్మం దాటి లోపలికి రాదు.